స్పెయిన్ జలాశయాలు: రెండు ప్రాంతాల మీదుగా పరచుకున్నవాటిని ఎవరి ఖాతాలో వేయాలి?

స్పెయిన్ జలాశయాల నిల్వలను స్వయంపాలిత ప్రాంతాలవారీగా ఒక పట్టికలో పెడుతున్నాను. అక్కడి ప్రభుత్వం ప్రతి వారం ఇచ్చే లెక్కలు మాత్రం నదీ పరీవాహకాలవారీగా ఉంటాయి: ఎబ్రో, తాహో, గ్వాడియానా, ఇలా. యూనిట్ ఘనపు హెక్టోమీటరు, అంటే పది లక్షల ఘనపు మీటర్లు. మన టీఎంసీ కావాలంటే 28.317తో భాగించాలి. లా సెరెనా జలాశయం పూర్తి సామర్థ్యం 3,219 అంటే దాదాపు 114 టీఎంసీలు. ఇంతవరకూ ఇబ్బంది లేదు.

చిక్కంతా సరిహద్దు దగ్గరే. గ్వాడియానా మీది సీహారా (1,505) ఆనకట్ట ఎస్ట్రెమదురా ప్రాంతంలో ఉంది, నీళ్లు వెనక్కి పక్క ప్రాంతం కస్తీయా–లా మంచాలోకి పాకాయి. అరగాన్, కాటలోనియాల మధ్య నది మీద ఉన్న కనేయెస్ (679) సంగతి ఇంకా కష్టం, అక్కడ నదే సరిహద్దు. మన శ్రీశైలం, సాగర్‌ల వంటిదే అనుకోండి.

మూడు విధాలుగా ప్రయత్నించాను. ఆనకట్ట ఉన్న ప్రాంతానికే మొత్తం రాస్తే, సీహారా విషయంలో లా మంచాకు సున్నా పడుతోంది. చెరి సగం చేస్తే దానికి ఆధారమే లేదు. చివరికి ఉపగ్రహ చిత్రం మీద నీటి అంచు వెంట చుక్క చుక్కగా గీత గీసి, విస్తీర్ణం నిష్పత్తిలో పంచాను. కానీ మట్టం తగ్గినప్పుడు ముందుగా ఎండేది తోక భాగమే. అక్కడ మట్టి బయటపడగానే నిష్పత్తి మారిపోతోంది. పైగా లోతు ఆనకట్ట దగ్గరే ఎక్కువ కాబట్టి, విస్తీర్ణాన్ని నమ్మి ఘనపరిమాణం పంచడం తప్పేనని నా అభిప్రాయం.

ఇలాంటి పట్టికలు చేసినవారు చెప్పండి: ఉమ్మడి జలాశయం నిల్వను ప్రాంతాలవారీగా చూపడానికి ఏ ప్రాతిపదిక వాడాలి?