శాస్త్రిగారి ‘ఒక పూట మానండి’ ప్రసంగం పూర్తిగా ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం, చిన్న సాయం కావాలి. 1965లో ఓపక్క పాకిస్తాన్‌తో యుద్ధం, ఇంకోపక్క వానల్లేక తిండిగింజల కొరత, పీఎల్-480 అనే ఆహార సాయం చట్టం కింద అమెరికా పంపే గోధుమలే దిక్కు, అలాంటప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమని జనాన్ని అడిగారు కదా, సోమవారం సాయంత్రాలు చాలా హోటళ్లు కూడా మూసేసేవారు. ముందు తన ఇంట్లో మానిపించి చూశాకే దేశాన్ని అడిగారంటారు (ఇప్పుడెవరైనా అడిగితే ఎంతమంది వింటారో!). ఢిల్లీలో తన బంగళా ముందున్న పచ్చికను కూడా దున్నించి పంట వేయించారు.

నాకు కావాల్సింది ఆ మాటల పూర్తి పాఠం. ఎక్కడ వెతికినా ‘జై జవాన్ జై కిసాన్’ ఒక్కటే తిప్పి తిప్పి వేస్తున్నారు. ఆకాశవాణి రికార్డింగు గానీ, అప్పటి తెలుగు పేపర్ కటింగ్ గానీ ఎవరి దగ్గరైనా ఉందా? మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు నిజంగానే ఆ పూట పొయ్యి వెలిగించలేదా, అదీ అడిగి చెప్పండి ప్లీజ్.