అప్‌డేట్: పిల్లికూన విరేచనాలు తగ్గాయి, కారణం తెలిసింది

రెండు నెలల పిల్లికూనకు ఏ ఫుడ్ పెట్టినా విరేచనాలే అని పోయిన వారం అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. ‘ముందు పాలు ఆపండి’ అన్నవాళ్లదే కరెక్ట్. ఆవు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర దానికి అరగడం లేదని డాక్టర్ గారూ చెప్పారు. మలం పరీక్షలో నులిపురుగులు కూడా బయటపడ్డాయి. బరువు తూచి మందు వేశారు.

ఇప్పుడు కిట్టెన్ డ్రై ఫుడ్‌ను గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, వేలితో మెదిపి, రోజుకు 4 సార్లు పెడుతున్నాను. మూడో రోజుకే మోషన్ గట్టిపడింది. బ్రాండ్ గురించి నేను పడ్డ టెన్షన్ అంతా దండగ. ధాన్యాలు లేనిదని ఎక్కువ రేటు పెట్టి కొన్న ప్యాకెట్ వల్ల ఒరిగిందేమీ లేదు.

అమ్మ మాత్రం చాటుగా పెరుగన్నం పెడుతూనే ఉంది. నిన్న దాని మీసాలకు మెతుకు అంటుకుని దొరికిపోయింది.