స్కూల్ బోర్డు సభ్యులు మన పన్ను డబ్బుతో వాషింగ్టన్ వెళ్లి నిధులు అడిగి రావడం అవసరమా?

కొల్లేటి_కొంగ:
డాలస్‌కి ఉత్తరాన ఉన్న స్కూల్ డిస్ట్రిక్టుల్లో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. ఏటా చలికాలంలో ఇక్కడి బోర్డు ట్రస్టీలు కొందరు వాషింగ్టన్ వెళ్లి, కాంగ్రెస్ సభ్యుల్ని కలిసి, ప్రభుత్వ బడులకు నిధులు పెంచమని అడిగి వస్తారు. విమానం, మూడు రాత్రుల హోటల్, సదస్సు రుసుము కలిపి మనిషికి మూడు వేల డాలర్లు వేసుకుందాం. ఆ ఖర్చు డిస్ట్రిక్టుదే. కోవిడ్‌కి ముందు అమెరికా బడుల ఆదాయంలో ఫెడరల్ వాటా దాదాపు 8 శాతం. మిగతాదంతా రాష్ట్రం ఇచ్చేది, మన ఇంటి పన్ను. అలాంటప్పుడు పదో వంతు కూడా లేని ఆ వాటా కోసం అంత దూరం వెళ్లాలా?

లెక్కల_మాస్టారు:
అక్కర్లేదనే నా మాట. టెక్సస్‌లో బడి డబ్బు తేలేది రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో. విద్యార్థికి ఇంత అని రాష్ట్రం లెక్కగట్టే బేసిక్ అలాట్‌మెంట్ 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఆరేళ్లలో ధరలు ఎంత పెరిగాయో చూడండి. 2025లో దాన్ని పెంచింది 55 డాలర్లు. మిగతా సొమ్ము టీచర్ల జీతాలకని, ఇంకో దానికని విడివిడి పద్దుల్లో పెట్టారు. డిస్ట్రిక్టు తన అవసరాన్ని బట్టి వాడుకునే వీలు అక్కడే తగ్గింది. అదే సమావేశాల్లో ప్రైవేటు బడి ఫీజులకు బిలియన్ డాలర్ల పథకం కూడా పాసైంది. టెక్సస్ శాసనసభ మామూలుగా కూర్చునేది రెండేళ్లకోసారి, 140 రోజులే. ట్రస్టీలు చెమటోడ్చాల్సింది ఆ 140 రోజుల్లో.

తులసికోట:
మాస్టారూ, ఆస్టిన్ సంగతి మీరన్నదే నిజం. అలాగని వాషింగ్టన్‌ని వదిలేస్తే 1975 నాటి బాకీ మాటేమిటి? ఆ ఏడాది నవంబర్ 29న ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకం చేసిన చట్టమే ఇప్పటి ఐడియా, అంటే వైకల్యమున్న పిల్లల చదువుకి హక్కు ఇచ్చిన చట్టం. ఆ పిల్లలకయ్యే అదనపు ఖర్చు కోసం, దేశంలో ఒక్కో విద్యార్థికి సగటున పెట్టే మొత్తంలో 40 శాతం దాకా ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుందని అందులో రాసుకున్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ 40 దరికి రాలేదు. ఇప్పుడు వస్తున్నది 12 శాతం దరిదాపుల్లో.

60 వేల మంది పిల్లలున్న డిస్ట్రిక్టు తీసుకోండి. 14 శాతం స్పెషల్ ఎడ్, అంటే వైకల్యం వల్ల ప్రత్యేక బోధన అవసరమైన పిల్లలు, 8,400 మంది. దేశం మొత్తమ్మీద ఐడియా గ్రాంటు సుమారు 14.2 బిలియన్ డాలర్లు, పిల్లలు 75 లక్షలు. తలకి 1,900 చొప్పున ఈ డిస్ట్రిక్టుకి సుమారు కోటీ అరవై లక్షల డాలర్లు. మాట ప్రకారం 40 శాతం ఇస్తే ఐదు కోట్ల పైమాటే. మధ్యలో తేడా మూడున్నర కోట్లకు మించి. ఒక పిల్లాడి ఐ.ఇ.పి.లో, అంటే ఆ పిల్లాడి కోసం రాసే చదువు ప్రణాళికలో, వారానికి రెండు గంటల స్పీచ్ థెరపీ అని రాశాక, డబ్బు లేదని మానేయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే ఆ లోటు జనరల్ ఫండ్‌లోంచి, అంటే డిస్ట్రిక్టు మామూలు ఖర్చుల ఖాతాలోంచి, పూడుస్తారు. మన పిల్లల క్లాసులో 22 మంది ఉండాల్సిన చోట 28 మంది కూర్చోవడానికి అదీ ఒక కారణం.

ఇంకోటి. టెక్సస్‌లో 2004 నుంచి స్పెషల్ ఎడ్ పిల్లలు 8.5 శాతం మించకూడదన్న గీత ఒకటి నడిచింది. అది చట్టవిరుద్ధమని 2018 జనవరిలో తేల్చింది ఫెడరల్ విద్యాశాఖ. రాష్ట్రం కాదన్న పిల్లలకి దిక్కైంది వాషింగ్టన్‌లోని చట్టమే కదా.

లెక్కల_మాస్టారు:
8.5 గీత పెద్ద అన్యాయం, అందులో వాదం లేదు. కానీ ఆ 40 శాతం కోసం యాభై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. రెండు పార్టీల ప్రెసిడెంట్లూ మారారు, కాంగ్రెస్‌లూ మారాయి. పూర్తిగా ఇవ్వాలన్న బిల్లు ప్రతి కాంగ్రెస్‌లోనూ పుడుతుంది, ఓటింగ్ దాకా రాకుండానే పోతుంది. ఫలితం రాని చోటికి మళ్లీ మళ్లీ మనుషుల్ని పంపడం నాకు సమ్మతం కాదు.

మంజీర:
ఇద్దరూ ఒక మెలిక వదిలేశారు. తులసికోట గారి తలసరి లెక్క దేశం సగటుగా సరే, డబ్బు మాత్రం అలా రాదు. ఐడియా గ్రాంటు స్పెషల్ ఎడ్ పిల్లల్ని లెక్కపెట్టి పంచరు. రాష్ట్రం నుంచి డిస్ట్రిక్టుకి వచ్చే మొత్తంలో కొంత భాగం 1998 డిసెంబర్ 1 నాటి పిల్లల లెక్క మీద ఖాయమైపోయిన బేస్. దాని పైన వచ్చేదాన్ని 85 శాతం మొత్తం విద్యార్థుల సంఖ్యని బట్టీ, 15 శాతం పేదరికాన్ని బట్టీ పంచుతారు.

1998లో ఇక్కడ సగం నేల పచ్చిక బయలు. అప్పటి పిల్లల లెక్కకీ ఇప్పటి లెక్కకీ పొంతన ఉంటుందా? కొత్త డిస్ట్రిక్టు ఏర్పడినా, సరిహద్దులు మారినా బేస్‌ని సరిచేస్తారు గానీ, ఊరు పెరిగినందుకు సరిచేయరు. ఈ బేస్ ఇప్పుడు మొత్తం గ్రాంటులో పావు దరిదాపే, కాబట్టి ప్రాణం పోయేంత నష్టమని అనను. అయినా వేగంగా పెరిగిన డిస్ట్రిక్టుకి ఏటా పడే దెబ్బ అది. పైగా దాన్ని సరిచేయమనడం 40 శాతం అడిగినంత పెద్ద కోరిక కాదు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఈ పంపకం సూత్రం మార్చాలంటే, ఏటా సొమ్ము కేటాయించే అప్రాప్రియేషన్స్ కమిటీ వాళ్ల చేతిలో ఏమీ లేదు. అది హౌస్‌లో ఎడ్యుకేషన్ అండ్ వర్క్‌ఫోర్స్ కమిటీ, సెనేట్‌లో విద్యా చట్టాలు చూసే హెల్ప్ (HELP) కమిటీ పని. ఐడియాని చివరిసారి తిరగరాసింది 2004లో. ఎంత సొమ్ము అన్నది మాత్రం అప్రాప్రియేషన్స్‌లో విద్య పద్దు చూసే లేబర్-హెచ్.హెచ్.ఎస్. సబ్‌కమిటీ తేలుస్తుంది. ఎవరి దగ్గర ఏది అడగాలో తెలియకుండా వెళ్లినవాళ్లు రెండు చోట్లా "విద్యకు నిధులు పెంచండి" అని ఒకటే పాట పాడి వస్తారు. మాస్టారు అంటున్న వృథా అదే.

వేపచెట్టు_నీడ:
ముందు ఇది చట్టబద్ధమేనా? పన్ను డబ్బుతో లాబీయింగ్ ఏమిటి?

మంజీర:
ఫెడరల్ గ్రాంటు డబ్బుతో లాబీయింగ్ నిషేధం. టైటిల్ వన్, అంటే పేద పిల్లల బడులకిచ్చే ఫెడరల్ గ్రాంటు, ఖాతాలోంచి టికెట్ కొంటే ఆడిట్‌లో దొరికిపోతారు, వెనక్కి కట్టాలి. స్థానిక నిధులతో వెళ్లొచ్చు. ఎన్నికైన ట్రస్టీ తన పదవి హోదాలో కాంగ్రెస్ సభ్యుణ్ణి కలిస్తే 1995 లాబీయింగ్ వెల్లడి చట్టం కింద అది లాబీయింగ్ లెక్కలోకి రాదు. దీన్ని కట్టడి చేసే బిల్లులు మాత్రం టెక్సస్ శాసనసభలో మళ్లీ మళ్లీ వస్తున్నాయి, గమనిస్తూ ఉండాలి.

ఇంకో జాగ్రత్త. బోర్డులో ఏడుగురుంటే నలుగురు కోరం. నలుగురూ ప్రయాణంలో ఒకచోట కూర్చుని డిస్ట్రిక్టు సంగతి చర్చిస్తే, బోర్డు చర్చ జనం ముందే జరగాలనే ఓపెన్ మీటింగ్స్ చట్టం అడ్డొస్తుంది. ముగ్గురికి మించి వెళ్లకపోవడమే క్షేమం.

తులసికోట:
2025 జులై కూడా గుర్తు చేసుకోవాలి. జులై 1న విడుదల కావలసిన దాదాపు 6.8 బిలియన్ డాలర్లు ఆపేశారు. టీచర్ల శిక్షణ, ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల క్లాసులు, బడి అయ్యాక నడిచే కేంద్రాలు, వలస కూలీల పిల్లల పథకం, అన్నీ అందులోనివే. ఆగస్టులో బడి తెరవాలి, ఒప్పందాలు సంతకమై ఉన్నాయి, డబ్బు లేదు. దేశమంతా డిస్ట్రిక్టులు తమ సభ్యుల ఆఫీసులకి ఫోన్ల మీద ఫోన్లు చేశాయి. పదిమంది రిపబ్లికన్ సెనేటర్లు విడుదల చేయమని లేఖ రాశారు. జులై నెలాఖరుకి సొమ్ము కదిలింది. పరిచయం లేని ఆఫీసుకి ఆపద రోజున ఫోన్ చేస్తే ఎత్తేదెవరు?

లెక్కల_మాస్టారు:
ఇరవైకి పైగా రాష్ట్రాలు కోర్టుకి కూడా వెళ్లాయి కదమ్మా, ఘనతంతా ఫోన్లకి ఇవ్వలేం. కానీ ఆపినదాన్ని విడిపించడం, ఉన్నదాన్ని కాపాడుకోవడం వాషింగ్టన్‌లోనే జరగాలి. అంతవరకు నా మాట వెనక్కి తీసుకుంటాను. కొత్త సొమ్ము తెస్తారన్న ఆశ మాత్రం నాకు లేదు.

కొల్లేటి_కొంగ:
మంజీర గారూ, వెళ్లేవాళ్లు ఎలా వెళ్తే పనికొస్తుందో చెప్పండి.

మంజీర:
ముందు నెల చూసుకోవాలి. ఫెడరల్ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. ప్రతి సభ్యుడూ సబ్‌కమిటీకి తన కోరికల జాబితా పంపేది వసంతంలో. అంతకుముందే ఆయన ఆఫీసు వెబ్‌సైట్‌లో ఫారం పెట్టి, గడువు తేదీ ఇస్తుంది. ఆ ఫారం నింపకుండా మేలో వెళ్తే మర్యాదగా కాఫీ ఇస్తారు, అంతే. 2026 ఫిబ్రవరిలో అడిగింది 2027 ఆర్థిక సంవత్సరానికి. టైటిల్ వన్, ఐడియా సొమ్ము తర్వాతి బడి సంవత్సరం కోసం ముందే మంజూరు చేసే పద్ధతిలో వస్తుంది కాబట్టి బడికి చేరేది 2027 జులై, అక్టోబర్లలో. ఫలితం వచ్చే బడి సంవత్సరమే కనబడదని ట్రస్టీని తప్పుపట్టొద్దు.

అపాయింట్‌మెంట్ కోసం మూడు వారాల ముందు, సభ్యుడి సమయాలు చూసే షెడ్యూలర్‌కి రాయాలి. ఎక్కువసార్లు కలిసేది విద్య చూసే లెజిస్లేటివ్ అసిస్టెంట్, పాతికేళ్ల వాళ్లయినా ఫైలు నడిపేది వాళ్లే. చిన్నచూపు చూస్తే పని చెడుతుంది. దొరికేది పావుగంట, మహా అయితే అరగంట. రెండు కోరికలు చాలు. ఒక్కోదానికి పద్దు పేరు, పోయినేడు ఇచ్చిన మొత్తం, ఈ ఏడు అడుగుతున్న మొత్తం ఉండాలి. ఒకే కాగితం ఇచ్చి రావాలి. అందులో డిస్ట్రిక్టు అంకెలు మూడు: స్పెషల్ ఎడ్‌కి అసలు ఖర్చెంత, ఫెడరల్ ఇచ్చిందెంత, జనరల్ ఫండ్‌లోంచి పూడ్చిందెంత. ఈ అంకెలు ఫైనాన్స్ ఆఫీసర్ సంతకంతో ఉంటే మరీ మంచిది, ఎందుకంటే సభలో సభ్యుడు చదివాక తప్పని తేలితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. ముందే బోర్డు తీర్మానం చేసుకోవాలి. ఒక ట్రస్టీ వోచర్లు (ప్రైవేటు బడి ఫీజుకి ప్రభుత్వ సొమ్ము) వద్దని, పక్కనున్నాయన సరేనని అన్నారంటే ఆ పావుగంటా పోయినట్టే. తిరిగొచ్చిన రెండు రోజుల్లో ఈమెయిల్, ఆగస్టు విరామంలో సభ్యుణ్ణి బడికి పిలవడం మర్చిపోకూడదు.

వేపచెట్టు_నీడ:
హెచ్-1బి మీద ఉన్న తల్లిదండ్రులు సభ్యుడి ఆఫీసుకి రాయొచ్చా? ఓటు లేదుగా.

తులసికోట:
నిక్షేపంగా రాయొచ్చు. అక్కడ నివసిస్తే చాలు. ఎన్నికల చందా మాత్రం గ్రీన్ కార్డు లేనిదే ఇవ్వకూడదు, ఆ తేడా బాగా గుర్తుంచుకోండి. వీధి చిరునామా, పిల్లలు చదివే బడి పేరు రాయండి, అవి లేని ఉత్తరాలు పక్కకి పోతాయి.

లెక్కల_మాస్టారు:
అదే ఉత్తరం నకలు ఆస్టిన్‌లో మీ రాష్ట్ర ప్రతినిధికి కూడా పంపండి. బోర్డు ప్రయాణానికి ఓటేసే రోజున పబ్లిక్ కామెంట్‌లో నేనడగమనేది ఒక్కటే: మంజీర గారు చెప్పిన ఆ ఒక్క కాగితం తయారైందా, చూపిస్తారా?