'పొదిగిన వైరస్' అనొచ్చా?

అరటి తెగుళ్ల మీద ఒక వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. మొక్క డీఎన్ఏలోనే చేరిపోయి, పిలక నుంచి పిలకకు దిగే వైరస్ డీఎన్ఏ ముక్కను ఏమనాలి?

'అంతర్జనిత' అనొచ్చు కానీ అది లోపల పుట్టింది కాదు, ఎప్పుడో బయటి నుంచి వచ్చిందే. 'అంటు' అనిపించింది, రోగం అంటుకోవడం, మామిడికి అంటు కట్టడం రెండూ అందులో ఉన్నాయి కదా అని. కానీ ఇది అంటేది కాదు, వారసత్వంగా వచ్చేది.

నా మొగ్గు 'పొదిగిన' వైపు. రవ్వలు పొదిగిన కమ్మలంటాం, కోడి గుడ్లు పొదిగిందంటాం. ఇక్కడ రెండర్థాలూ కావాలి. బాల్బిసియానా అనే అడవి అరటి డీఎన్ఏలో బనానా స్ట్రీక్ వైరస్ ముక్కలుంటాయి. ఆ అరటికి వాటితో ఏ బాధా లేదు. దాని వాటా ఉన్న సంకర రకాల్లోనే చిక్కు. టిష్యూ కల్చర్ చేసినప్పుడో, నీటి ఎద్దడి వచ్చినప్పుడో కొన్నిట్లో ఆ ముక్కలు లేచి పూర్తి వైరస్ అవుతాయి. ఆకుల మీద పసుపు చారలు వస్తాయి. పిండినల్లి మోసుకురానక్కర్లేదు! 1999లో ఈ సంగతి అచ్చయ్యేదాకా శుభ్రమైన మొక్కలకు రోగం ఎలా వస్తోందో అంతుపట్టలేదు.

జవాబు: బాగుందండీ, కానీ పొదగడానికి కంసాలో కోడో ఉండాలి. ఎయిడ్స్ వైరస్‌కు మన డీఎన్ఏలో దూరితే తప్ప బతుకు లేదు, దీనికి మొక్క డీఎన్ఏలో దూరాల్సిన పని లేదు. పొరపాటున చిక్కుకుంది, అంతే. పైగా వరి డీఎన్ఏలో, వరికి తుంగ్రో తెగులు తెచ్చే వైరస్ చుట్టాల ముక్కలున్నాయి, అన్నీ ముక్కచెక్కలైనవే. వాటి నుంచి వైరస్ లేవదు. ఎన్నాళ్లు పొదిగినా మురిగిన గుడ్డు పిల్లవుతుందా? 'ఇరుక్కున్న' అనండి. కాల్లో విరిగిన ముల్లు మీద చర్మం మూసుకున్నట్టు.

తిరుగు జవాబు: ముల్లు పోలిక నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. అయితే రెండు మాటలూ ఉంచుకుందాం. లేవలేనిది 'ఇరుక్కున్నది', లేచేది 'పొదిగినది'. దీనివల్ల నా వ్యాసంలో ఇంకో ముడి కూడా వీడింది. నైరోబీలో శాస్త్రజ్ఞులు గోంజా మంజాయా అనే కూర అరటిలో ఈ ముక్కలను క్రిస్పర్‌తో, అంటే డీఎన్ఏను కోరిన చోట కోసి మార్చే పద్ధతితో, దిద్దారు, ఫలితం 2019లో వచ్చింది. నీళ్లు తగ్గించి పెంచినా దిద్దిన మొక్కల్లో 75 శాతానికి చారలు రాలేదు. 'వైరస్‌ను తీసేశారు' అని రాసి కొట్టేశాను, ముక్క అక్కడే ఉంది, చెడగొట్టారంతే. ఇప్పుడు 'పొదిగినదాన్ని ఇరుక్కున్నదిగా మార్చారు' అని రాస్తున్నా. అభ్యంతరముంటే రేపు సాయంత్రంలోగా చెప్పండి, తర్వాత పంపేస్తాను.