పాదాల మంటకు గ్రోత్ ఫ్యాక్టర్ జెల్: నరం మళ్ల మొలుస్తదా?

నర్సంపేట పత్తిచేను:
మా బాపుకు 12 ఏండ్ల నుంచి షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతడు. రాత్రి అరికాళ్లు మండుతయి, పగలు మొద్దు. చెప్పు జారినా తెలుస్తలేదు. బొటనవేలు కింద 2 సెంటీమీటర్ల పుండు. గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాసిచ్చిండ్రు. దీంతోని నరాలు గూడ మొలుస్తయా? నరాలకు వేరే ఇంజెక్షన్ ఉన్నదంటున్నరు, నిజమేనా?

హన్మకొండ మందులషాపు:
ముందు ట్యూబు మీద పేరు చూడు తమ్మీ. గ్రోత్ ఫ్యాక్టర్ అంటే కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్. బెకాప్లెర్మిన్ అంటే పీడీజీఎఫ్ (ప్లేట్‌లెట్ల గ్రోత్ ఫ్యాక్టర్). ఇంకోటి ఈజీఎఫ్ (తోలు పై పొర గ్రోత్ ఫ్యాక్టర్); హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ల రీజెన్-డి అదే. రెండూ పుండుల కొత్త కండ, తోలు పట్టనీకే. నరం జోలికి పోవు.

బెకాప్లెర్మిన్ 15 గ్రాముల ట్యూబుకు లెక్క ఇది: పుండు పొడవును వెడల్పుతోని గుణించి 4తోని భాగించాలె. 2×2 సెంటీమీటర్ల పుండుకు ట్యూబు నుంచి 1 సెంటీమీటరు పొడవు జెల్. పల్చగ పూసి మీద సెలైన్‌ల తడిపిన గాజుగుడ్డ. 12 గంటలైనంక సెలైన్‌తోని కడిగి, మిగతా 12 గంటలు జెల్ లేకుంట తడి గుడ్డే. ఎక్కువ రాస్తే తొందరగ మానదు, పైసలే కరుగుతయి. ఫ్రిజ్‌ల 2–8 డిగ్రీలల్ల ఉంచు, గడ్డకట్టనియ్యకు. మే ఎండల బస్సుల తెచ్చుకునేటట్టుంటే షాపుల ఐస్‌ప్యాక్ అడుగు.

పుండు చుట్టూ కాయ కాసిన తోలు చెక్కియ్యకున్నా, ఆ వేలి మీదనే బరువేసి నడిచినా ఏ జెల్ పనిచెయ్యది. 10 వారాలకు పుండు మూడో వంతన్నా తగ్గకపోతే ఎముకకు చీము పట్టిందా, రక్తం అందుతుందా చూపియ్యాలె. నల్లబడ్డా, వాసనొచ్చినా, జ్వరమొచ్చినా అదే రోజు వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానకు పోవాలె.

భద్రకాళి చెరువుకట్ట:
ఇంజెక్షన్ ముచ్చట పాతదే. నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్‌ను (ఎన్‌జీఎఫ్, నరాలను పెంచేది) కనుక్కున్నందుకు రీటా లెవీ-మోంటాల్చినీకి, ఈజీఎఫ్‌కు స్టాన్లీ కోహెన్‌కు 1986ల నోబెల్ వచ్చింది. షుగర్ నరాలకు ఎన్‌జీఎఫ్‌ను 1,019 మంది మీద పరీక్షించిండ్రు: కిలో బరువుకు 0.1 మైక్రోగ్రామ్, వారానికి మూడుసార్లు, 48 వారాలు. 2000ల ఫలితం వచ్చింది, మందు లేని ఉత్త ఇంజెక్షన్‌కు దీనికి తేడా లేదు. చిక్కేందంటే ఎన్‌జీఎఫ్ నొప్పి నరాలనే రెచ్చగొడ్తది. సూది గుచ్చిన కాడ సలుపు, ఒళ్లు నొప్పులు. అందుకే డోసు పెంచ సందు లేదు. పిక్క కండకు వేసే హెచ్‌జీఎఫ్ (ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్) జీన్ ఇంజెక్షన్ గూడ మూడో దశ పరీక్షల అసలు లక్ష్యం అందుకోలే. ఎవరన్నా "నరం మొలిపిస్త" అని వేల రూపాయలు గుంజితే నమ్మకు.

కాజీపేట ఫిజియో:
అయితే ఇప్పుడు చెయ్యాల్సింది లేదని కాదు. మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతది, దాని తిమ్మిర్లు అచ్చం షుగర్ తిమ్మిర్ల లెక్కనే ఉంటయి. ముందు ఆ పరీక్ష చేయించు. మంటకు ప్రీగాబాలిన్, డులోక్సెటిన్ పనికొస్తయి గని మొద్దుబారుడు తగ్గియ్యవు. ప్రీగాబాలిన్ కంటే ముందు క్రియాటినిన్ చూడాలె, కిడ్నీ బాగలేకపోతే డోసు తగ్గుతది. షుగర్‌ను ఒక్కసారే దించొద్దు: మూడు నెలలల్ల హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్ష) 2 పాయింట్ల కంటే ఎక్కువ పడితే మంట ఇంకా లేవొచ్చు.

స్నానం నీళ్ల వేడి మోచేతితోని చూడాలె, కాలుతోని కాదు. ఎండకు కాలిన గుడి బండల మీద, పత్తికట్టె మోళ్లున్న చేనుల వట్టికాళ్లతోని తిరగనియ్యకు. ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు, వెనుక పట్టీ ఉన్నయి తొడిగించు.

నర్సంపేట పత్తిచేను:
ట్యూబు చూసిన, ఈజీఎఫ్ 150 అని ఉన్నది. ఆ 4తోని భాగించే లెక్క దీనికీ వర్తిస్తదా?

హన్మకొండ మందులషాపు:
వర్తించదు, అది బెకాప్లెర్మిన్‌కే. నీది పుండంతా పల్చగ కప్పేటట్టు రాయి, రోజుకెన్నిసార్లో చీటిల రాసినట్టే. ట్యూబు మూతి పుండుకు తాకనియ్యకు.