డిజైన్ డిగ్రీ మధ్యలో ఏడాది పనికి వెళ్లాలా? వెళ్తే పెద్ద ఏజెన్సీయా, చిన్న స్టూడియోనా?

అంచుగీత:

నమస్తే అండీ. నేను గ్రాఫిక్, విజువల్ డిజైన్ డిగ్రీ చదువుతున్నాను. రెండో సంవత్సరం అయిపోవస్తోంది. మా కోర్సులో ఒక వెసులుబాటు ఉంది. ఇష్టమైతే ఇప్పుడు ఒక ఏడాది ఎక్కడైనా పనిచేసి వచ్చి, ఆ తర్వాత ఆఖరి సంవత్సరం చదవొచ్చు. తప్పనిసరేం కాదు, వద్దనుకుంటే నేరుగా ఆఖరి సంవత్సరంలోకి వెళ్లిపోవచ్చు.

రెండు చోట్ల రమ్మన్నారు. ఒకటి పెద్ద యాడ్ ఏజెన్సీ. ఇంటర్వ్యూలో వాళ్లు చెప్పినదాన్ని బట్టి, సీనియర్లు చేసిన యాడ్‌ని రకరకాల సైజుల్లోకి మార్చడమే నా పని. రెండోది ముగ్గురే ఉన్న స్టూడియో. బ్రోషర్లు, డబ్బాల మీద లేబుళ్లు, చిన్న సంస్థలకు లోగోలు చేస్తారు. స్టైపెండ్ రెండు చోట్లా ఇస్తారు, ఏజెన్సీలో బాగా ఎక్కువ.

నా టెన్షన్ ఏమిటంటే, నా క్లాసువాళ్లంతా ఏడాది ముందే పాసై ఉద్యోగాల్లో చేరిపోతారు. నేను తిరిగొచ్చి తెలియని ముఖాల మధ్య కూర్చోవాలి. సరే, అదైనా భరించొచ్చు. ఇంత చేసి పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి ఒక్క పనైనా రాకపోతే?

ఇంకో మాట. కాలేజీలో టైపోగ్రఫీ, గ్రిడ్లు, డిజైన్ చరిత్ర బాగానే చెప్పారు. కానీ ప్రెస్‌కి ఫైల్ పంపడం ఎప్పుడూ చేయలేదు. పీడీఎఫ్ అప్‌లోడ్ చేస్తే మార్కులు పడతాయి, అంతటితో ఆ పని కథ ముగుస్తుంది. వెళ్లొచ్చినవాళ్లు, విద్యార్థులను పనిలో పెట్టుకునేవాళ్లు ఉంటే చెప్పండి.

ఆఖరి బెంచి:

నేను ఏజెన్సీకే వెళ్లొచ్చాను, ఇప్పుడు ఆఖరి సంవత్సరం.

సైజులు మార్చడమేగా అని తీసిపారేయకండి. లేఅవుట్ అంటే ఏమిటో నాకు ఒంటపట్టింది అక్కడే. 728 బై 90 పిక్సెళ్లని ఒక వెబ్ బ్యానర్ ఉంటుంది, పొడుగ్గా అడ్డంగా. అదే యాడ్‌ని 160 బై 600 లోకి, అంటే సన్నగా నిలువుగా మార్చమంటారు. అన్నీ పట్టవు. హెడ్‌లైన్‌ని నాలుగు ముక్కలు చేయాలా, ఫొటోలో మనిషిని మాత్రమే ఉంచి మిగతాది కోసేయాలా, లోగో ఎంతవరకు తగ్గించొచ్చు? చూసేవాడి కన్ను ముందు దేని మీద పడాలో క్లాసులో పరీక్షకి రాశాను. ఇక్కడ రోజూ తేల్చాల్సి వచ్చింది, అదీ మధ్యాహ్నంలోపు.

ఫైళ్లకు పేర్లు పెట్టడం, లేయర్లు సర్దడం కూడా అక్కడే నేర్చుకున్నాను. మీ ఫైల్‌ని రేపు మీరు లేనప్పుడు ఇంకొకరు తెరుస్తారు. 'ఫైనల్ కొత్తది నిజం ఫైనల్' అని పేరుంటే మీ గురించి వాళ్లేమనుకుంటారో వేరే చెప్పక్కర్లేదు.

కాకపోతే కొన్నాళ్లకు కొత్తగా నేర్చుకునేది తగ్గిపోయింది. క్లయింట్ ముఖం నేను చూడనే లేదు. బ్రీఫ్, అంటే క్లయింట్‌కి ఏం కావాలో చెప్పే వివరణ, మా దాకా వచ్చేసరికి రెండు లైన్ల మెయిల్ అయ్యేది. 'ఎందుకు ఇలా?' అని అడగడానికి మనిషే ఉండడు.

పోర్ట్‌ఫోలియో సంగతి: యాడ్ బయటికి రాకముందు ఏదీ చూపించకూడదని సంతకం పెట్టించుకుంటారు. బయటికొచ్చాక అనుమతి అడిగి కొన్ని పెట్టుకున్నాను. కింద మాత్రం 'మూల ఆలోచన టీమ్‌ది, వేర్వేరు సైజుల్లోకి మార్చింది నేను' అని స్పష్టంగా రాశాను. ఇంటర్వ్యూల్లో ఆ ఒక్క లైన్ మీదే ఎక్కువ మాట్లాడించారు.

క్లాసువాళ్లు ముందు పాసవడం గురించి బెంగ వద్దు. మొదటి వారమే ఇబ్బంది.

పాత ప్లేటు:

నేను ప్రింట్ వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఇప్పుడు చిన్న స్టూడియో నడుపుతున్నాను, డిజైన్ చదివే పిల్లలు మా దగ్గర పనిచేసి వెళ్తుంటారు. కాబట్టి నా మాటలో పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నాను.

వెళ్లండి, అదీ ఆ ముగ్గురి స్టూడియోకే. కారణం ఒక్కటే. అక్కడ ఒక పని మొదటి ఫోన్ నుంచి కాగితమై చేతికొచ్చేదాకా మీ ఎదురుగానే జరుగుతుంది. పీడీఎఫ్ దగ్గరే కథ ముగుస్తుందన్నారు చూడండి, అసలు కథ అక్కడ మొదలవుతుంది.

మూడు భాగాలుగా మడిచే మామూలు కరపత్రం తీసుకోండి. ఏ4 కాగితం అడ్డంగా 297 మిల్లీమీటర్లు. మూడుతో భాగిస్తే చక్కగా 99 వస్తుంది. కాలేజీ నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ 99, 99, 99 అని గీతలు పెడతారు. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంటుంది. మడిచి చూడండి, లోపలికి వెళ్లే భాగం అంచుకు తగిలి ఉబ్బుతుంది. అందుకే లోపలి భాగాన్ని 97 చేసి మిగతా రెండూ 100 పెడతాం. పైగా కాగితం వెనక వైపు ఈ కొలతల వరస తిరగబడుతుంది. దీన్ని చదివి గుర్తుపెట్టుకోవడం కష్టం, ఒకసారి చేత్తో మడిస్తే మరి మర్చిపోరు.

ఇంకా వెనక్కి వెళ్దాం. క్లయింట్ 'బ్రోషర్ కావాలి' అంటాడు. అది ఎవరి చేతికి, ఎలా వెళ్తుంది? పోస్టులో పంపుతారా? అలాగైతే 110 బై 220 మిల్లీమీటర్ల కవర్‌లో పట్టాలి. పైన చెప్పిన కరపత్రం మడిస్తే అందులో సరిగ్గా కూర్చుంటుంది. స్టాండులో పెడతారా? అప్పుడు పైన మూడో వంతు మాత్రమే కనిపిస్తుంది, సంస్థ పేరు అట్టడుగున పెడితే ఎవరూ చూడరు. ఈ ప్రశ్నలు అడగడం డిజైన్‌లో సగం పని. క్లయింట్ ఎదురుగా కూర్చుంటే తప్ప అడగడం రాదు.

పుస్తకంలా మధ్యలో పిన్ను కొట్టేదైతే పేజీలు నాలుగు లెక్కన ఉండాలి. 18 పేజీల మ్యాటర్ తెచ్చిస్తారు. 16కి కుదించాలా, 20కి పెంచాలా అన్నది మాట్లాడి ఒప్పించాల్సింది మీరే. సన్నని అక్షరాలకు నలుపు ఒక్క ఇంకులోనే ఉండాలి. నాలుగు ఇంకులు కలిపిన నలుపు వాడితే, ఒక్కో ఇంకుకి ఒక్కో అచ్చు ప్లేటు ఉంటుంది కాబట్టి, ఒక ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది. ఫొటో 3000 పిక్సెళ్ల వెడల్పు ఉంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర అచ్చులో అది 10 అంగుళాలే. స్క్రీన్ మీద మెరిసిపోయే ఆకుపచ్చ, నారింజ సీఎంవైకేలోకి, అంటే అచ్చులో వాడే నాలుగు ఇంకుల్లోకి, మారాక చప్పబడతాయి. అదే రంగు తప్పనిసరైతే విడిగా కలిపిన స్పాట్ ఇంకు వాడాలి, ఖర్చు పెరుగుతుంది, ఆ మాట కూడా క్లయింట్‌కి మీరే చెప్పాలి. బ్లీడ్, అంటే కోత గీత దాటి బయటికి పెంచే రంగు, 3 మిల్లీమీటర్లు అన్నది ఎలాగూ మీకు చెప్పే ఉంటారు.

చదువు వేరు, పని వేరు అన్న విభజన మరీ పాతదేం కాదు. 1919లో వైమార్‌లో మొదలైన బౌహౌస్‌లో వర్క్‌షాపుకి ఇద్దరేసి గురువులు ఉండేవారు. రూపం గురించి చెప్పే కళాకారుడు ఒకరు, చేతిపని నేర్పే పనివాడు ఒకరు. మీ డిజైన్ చరిత్ర క్లాసులో పోస్టర్లు చూపించి ఈ సంగతి వదిలేసి ఉంటారని నా అనుమానం!

ఒప్పుకునే ముందు రెండు చోట్లా కొన్ని విషయాలు అడగండి. నా పని ఎవరు చూస్తారు, ఎంత తరచుగా చూసి చెప్తారు? క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు నన్ను పక్కన కూర్చోనిస్తారా? ప్రూఫ్ (అచ్చుకి ముందు తీసే నమూనా) చూడటానికి ప్రెస్‌కి వెళ్లొచ్చా? చేసిన పనిని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకుంటారా? చివరిది మొహమాటపడకుండా అడగండి. పోర్ట్‌ఫోలియో గొడవలన్నీ 'అప్పుడు నోటితో సరే అన్నారు కదా' అన్న దగ్గరే వస్తాయి.

పిక్సెల్ పక్షి:

పాత ప్లేటు గారి మాటతో సగం ఏకీభవిస్తాను. కాగితం మీద ఆయన ప్రేమ చదువుతుంటేనే తెలుస్తోంది :) కానీ అంచుగీత గారూ, మీరు రేపు ఏం చేయాలనుకుంటున్నారో ఎక్కడా రాయలేదు. యాప్‌లు, వెబ్‌సైట్ల వైపు వెళ్లాలనుంటే ఏడాదంతా మడతలు, పిన్నుల మధ్య గడపడం ఎందుకు?

స్క్రీన్‌కీ దాని తిప్పలు దానికున్నాయి. ఒక బటన్ గీస్తే సరిపోదు. నొక్కినప్పుడు ఎలా ఉంటుంది, పనిచేయనప్పుడు ఎలా ఉంటుంది, లోడ్ అవుతుంటే, తప్పు జరిగితే? పేరు రాసే చోట ముప్పై అక్షరాల పేరు వస్తే? డెవలపర్ ఇవన్నీ అడుగుతారు. తెల్లటి వెనకతలం మీద బూడిద రంగు అక్షరాలు పెట్టడం మన క్లాసుల్లో ఫ్యాషన్ కదా. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనకతలానికీ వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి. 777777 అనే కోడ్ ఉన్న బూడిద రంగు తెలుపు మీద 4.48 దగ్గరే ఆగిపోయి ఫెయిలవుతుంది, ఒక్క మెట్టు ముదురుగా 767676 అయితే పాస్. కంటికి రెండూ ఒకటే. చూపు తక్కువున్నవాళ్లు మన పనిని చదవగలరా అన్న ప్రశ్న నన్ను మొదటిసారి ఎవరో అడిగింది ఆఫీసులోనే.

రెండో మాట, ఇది అందరికీ నచ్చకపోవచ్చు. వెళ్లకపోయినా కొంపలేం మునగవు. డిగ్రీ అయ్యాక జీవితమంతా పనిచేసేదే. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా మీకు నచ్చిన విషయం మీద నెలల తరబడి పనిచేసే అవకాశం ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులోనే దొరుకుతుంది. రెండో సంవత్సరానికే టైపోగ్రఫీ చేతిలో స్థిరపడకపోతే, పనిలో వేగం వస్తుంది తప్ప పట్టు రాదు. వేగంగా చేసే మామూలు పనిని ఆఫీసులో ఎవరూ సరిదిద్దరు, గడువులోపు వచ్చింది చాలనుకుంటారు. మీ చేతి మీద మీకు నమ్మకం ఉంటేనే వెళ్లండి.

స్టైపెండ్ ఇస్తున్నారన్నారు, మంచిదే. 'అనుభవం వస్తుందిగా' అని అసలే ఇవ్వని చోటికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు. ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను.

వత్తుపొల్లు:

చిన్న మాట. వెళ్లిన చోట తెలుగు మ్యాటర్ సెట్ చేసే పని దొరికితే వదలకండి, కాలేజీల్లో దాదాపు ఎవరూ నేర్పరు. కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్‌కి పెట్టే లైన్ గ్యాప్ మనకు చాలదు. పై లైన్ వత్తు కింది లైన్ గుడిని గుద్దేస్తుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే వత్తులు విడిపోయి కనిపిస్తాయి. ఇక యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర కోడ్) కాని పాత ఫాంట్లలో మ్యాటర్ వస్తే, దాన్ని మార్చాక అక్షరం అక్షరం ప్రూఫ్ చదవాల్సిందే. ఓపికుంటే నేర్చుకోండి, ఈ పనికి మనుషులు తక్కువ, గిరాకీ ఎక్కువ.

అంచుగీత:

అందరికీ థాంక్స్. పాత ప్లేటు గారు చెప్పినవి రెండు చోట్లా అడిగాను.

ఏజెన్సీలో టీమ్ లీడ్ వారానికోసారి చూస్తారట. క్లయింట్ మీటింగులకు ఇంటర్న్‌లను తీసుకెళ్లరు. పోర్ట్‌ఫోలియో గురించి 'హెచ్‌ఆర్‌ని అడగాలి' అన్నారు, ఆ తర్వాత కబురు లేదు. స్టూడియో ఆవిడ మాత్రం ఫోన్‌లోనే అన్నిటికీ సరే అన్నారు. పోర్ట్‌ఫోలియో అనుమతి మెయిల్‌లో రాసి పంపారు కూడా. నన్ను భయపెట్టే మాట కూడా ఆవిడే చెప్పారు: పని తక్కువున్న నెలల్లో సోషల్ మీడియా పోస్టులే చేయాల్సి ఉంటుందట, ఏమీ అనుకోవద్దన్నారు. దాచకుండా చెప్పడం నాకు నచ్చింది.

పిక్సెల్ పక్షి గారూ, నిజమే, రాయలేదు. ప్యాకేజింగ్ అంటే ఇష్టం, స్క్రీన్ పని రెండో స్థానం. చేతి మీద నమ్మకం విషయం మా టైపోగ్రఫీ మేడమ్‌ని సూటిగా అడిగాను. 'లైన్ గ్యాప్ బాగా చూస్తావు, మార్జిన్లు ఇరుకుగా పెడతావు, వెళ్లి రా' అన్నారు. స్టూడియోకే ఒప్పుకుంటున్నాను. చేరడానికి ఇంకా సమయముంది. ఈలోపు ఏం చేసుకోమంటారు?

పాత ప్లేటు:

కొత్త సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరొద్దు. మీరు క్లాసులో చేసిన పాత పని ఒకటి తీయండి, ప్యాకేజింగ్ అయితే ఇంకా మంచిది. దాన్ని ప్రెస్‌కి పంపేంతగా తయారు చేయండి. బ్లీడ్ పెట్టండి, ఫొటోలు ఎన్ని డీపీఐ ఉన్నాయో చూడండి, కటింగ్ గీతలు విడి లేయర్‌లో విడి స్పాట్ రంగుతో గీయండి, ఫాంట్లూ లింకు చేసిన ఫొటోలూ కలిపి ఒకే ఫోల్డర్‌లో ప్యాకేజ్ చేయండి, ప్రీఫ్లైట్‌లో (ఫైల్‌లో తప్పులు పట్టే తనిఖీ) ఎర్ర గుర్తులన్నీ పోయేదాకా సరిచేయండి. తర్వాత మామూలు ప్రింటర్‌లోనే అసలు సైజులో ప్రింట్ తీసి, కత్తిరించి, మడిచి డబ్బా కట్టండి. అతికించడానికి అంచున పట్టీ వదిలారా లేదా అప్పుడు తెలుస్తుంది.

ఆ డబ్బా, మెయిల్‌లో వచ్చిన అనుమతి కాపీ రెండూ జాగ్రత్త చేసుకోండి. డబ్బా మూతపడకపోతే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఎక్కడ తేడా కొట్టిందో చూద్దాం.