అప్‌డేట్: నూనెలో విడిపోయిన అరిసెల సంగతి తేలింది

పోయిన వారం అడిగాను కదా, అరిసె నూనెలో వేయగానే అంచులు విడిపోయి ముక్కలైపోతోందని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కిలో బియ్యం పాడైపోయాయని చాలా టెన్షన్ పడ్డాను.

తప్పు పాకంలో ఉంది. మీలో ఇద్దరు చెప్పినదే మా వీధిలో పెళ్ళిళ్ళకు పిండివంటలు చేసే పిన్నిగారూ చెప్పారు. నిన్న ఆవిడ పక్కన నిలబడి చేయించారు. గిన్నెలో చన్నీళ్ళు పోసి, పాకం చుక్క వేసి, వేళ్ళతో దగ్గరికి తీసి చూపించారు. నేను దించేసిన దశలో అది నీళ్ళలో కరిగి పరుచుకుంది. ఇంకాసేపు మరిగాక మెత్తని ఉండ అయింది, వేళ్ళ మధ్య నొక్కితే సాగింది. అప్పుడే దించి పిండి కలపాలి. అది కూడా దాటితే అరిసెలు గట్టిపడతాయట.

పాత చలిమిడిని పారేయలేదు. అందులో రెండు గుప్పెళ్ళ తడిపిండి కలిపి, ముందు ఒక్క అరిసె వేసి చూశాం. విడిపోలేదు! కొంచెం తీపి తగ్గింది, అంతే.

మీలో కొందరు బియ్యం రకం మార్చమన్నారు, నూనె మార్చమన్నారు. నా విషయంలో ఆ రెండూ కారణం కాదు, అదే బియ్యం, అదే నూనె వాడాను. పిండి ఆరిపోకుండా జల్లించిన వెంటనే తడిగుడ్డ కప్పమన్న సలహా మాత్రం బాగా పనికొచ్చింది.

పిల్లలు వేడివేడిగా నువ్వులద్దినవే ఏరుకుని తిన్నారు. డబ్బాలో ఇంకో ఇరవై ఉన్నాయి.